జెల్ల నోట్లో గుడ్లు

ప్రళయ జలాల్లో సమస్త లోకాలనూ తనలో దాచుకుని, ఒక్క ప్రాణి కూడా జారిపోకుండా కాచి, వేళయినప్పుడు మళ్లీ వెలుగులోకి వదిలిన శ్రీమన్నారాయణుడికి ముందుగా నా సాష్టాంగ నమస్కారం. ఆయన దాచకపోతే మనం లేము. ఆయన ఓర్చుకోకపోతే నాలాంటివాడు ఈ వయసు దాకా బతికి ఉండడు. కింద రాసే ప్రతి మాటనూ ఆయన పాదాల దగ్గర పెట్టి రాస్తున్నాను. అందులో అబద్ధం ఉంటే ఆయనే తుడిచేయాలి.

నేను చేపల సర్వే పనిలో ఫీల్డ్‌మన్‌గా చేరాను, ఫీల్డ్‌మన్‌గానే పోయినేడు రిటైరయ్యాను. కాబట్టి ప్రమోషన్ల కథలు నా దగ్గర లేవు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ వలకి ఎంత కన్ను ఉండాలో, ఏ కాగితం ఎవరికి పంపాలో మీకు ట్రైనింగులో చెబుతారు. నేను చెప్పేది వేరు. పన్నెండేళ్ల కిందట నా నోటితో నేను చేసిన ఒక తప్పు గురించి. 

పని ఎలా ఉండేదంటే

చిట్టమూరు దాటి ఉప్పునీటి సరస్సు అంచుకి వెళితే జాలర్ల ఊళ్లుంటాయి. వాటిని కుప్పాలంటారు. అందులో ఒక కుప్పం నా డ్యూటీ. పొద్దున్నే పడవలు రేవుకి వచ్చేసరికి నేను అక్కడ ఉండాలి. వలల్లో పడిన చేపల్లో కొన్నిటిని తీసి, పలక మీద పెట్టి పొడవు కొలిచి, తూకం వేసి, పొట్ట కోసి చూడాలి. ఆడదా మగదా ఒక గడిలో, కడుపులో ఏముందో ఇంకో గడిలో రాయాలి. చేప ఏం తింటుందో తెలిస్తే సరస్సు సంగతి తెలుస్తుందని మా పెద్దల ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

మా నాన్నగారి దగ్గర నేను సహస్రనామం నేర్చుకున్నాను. నుదుట నామం లేకుండా గడప దాటను. కుప్పంలో చిన్న రామమందిరం ఉంది. శనివారం సాయంత్రం అక్కడ గోష్ఠి పెట్టేవాణ్ణి. పారాయణం అయ్యాక ఒక అరగంట పురాణం చెప్పేవాణ్ణి. జనం బాగానే వచ్చేవారు. ఇంటికెళ్లి రెండుసార్లు స్నానం చేసి వచ్చినా చేతుల నుంచి నీచు వాసన పోయేది కాదు. రేవులో చేపలు కోసే మణెమ్మ దీనికి ఎప్పుడూ ఒకటే మాట అనేది.

"మా సామి పొద్దున కోస్తాడు, సాయంత్రం మోచ్చం ఇస్తాడు."

అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. మణెమ్మకి అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. కొనుక్కున్నవాళ్లకి చేపలు శుభ్రం చేసిచ్చేది. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటే చేప తనంతట తనే ముక్కలైనట్టు ఉండేది. నాకంటే కనీసం పదింతలు పొట్టలు చూసిన మనిషి. ఆమెని నేను ఏనాడూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఖాళీ గడి

జెల్ల మీకు తెలిసిందే. మీసాలుంటాయి, వీపు మీది ముల్లు గుచ్చుకుంటే పూటంతా సలుపుతుంది. ఏడాదిలో కొన్ని నెలలు రేవుకొచ్చే జెల్లల్లో కొన్నిటి నోరు ఉబ్బి ఉంటుంది. తెరిస్తే లోపల గోలీకాయలంత పసుప్పచ్చటి గుడ్లు. నోట్లో మొత్తం అవే. ఇళ్లలో వాటిని ఏరి వేయించుకు తింటారు.

నేను మొదటిసారి అలాంటి జెల్లని కోసినప్పుడు కడుపులో ఏమీ లేదు. పేగు దారప్పోగులా ముడుచుకుపోయి ఉంది. నేను గడిలో 'ఖాళీ' అని రాశాను. అలాంటివి వరసగా చాలా వచ్చాయి. అప్పటి మా ఆఫీసరుగారు ఆ కాగితాలు చూసి పిలిపించారు.

"ఏమయ్యా, ఇన్ని ఖాళీలా? ఖాళీ అని రాస్తే పైవాళ్లు నువ్వు పని చేయలేదంటారు. నోట్లో గుడ్లున్నాయని నువ్వే చెబుతున్నావు కదా. నోట్లో ఉన్నది కడుపులోకే కదా పోయేది. అదే రాయి."

"గుడ్లు దానివే అయి ఉంటాయండీ."

"అయితే ఏం? సొంత గుడ్లు తినే జంతువులు లేవా? 'ఆహారం: సొంత గుడ్లు' అని రాయి."

నేను రాశాను. ఆ రోజు మొదలుపెట్టి ఏళ్ల తరబడి అదే రాశాను. ఆఫీసరుగారు చెడ్డవాడు కాదు. గడి ఖాళీగా ఉండటం చూడలేని మనిషి, అంతే. మీకూ అలాంటి ఆఫీసర్లు వస్తారు. వాళ్ల మాట వినొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, నేనే విన్నాను కాబట్టి. కానీ నేను అంతటితో ఆగలేదు. ఆ గడిలో రాసినదాన్ని తీసుకెళ్లి రామమందిరంలో చెప్పాను. సృష్టిలో తండ్రి అనేవాడికి జాలి లేదు, తల్లే దైవం, మగ జెల్లని చూడండి, తన బిడ్డల్నే నమిలి మింగుతుంది అని. నేను కోసి చూశాను అని. ఆ చివరి మాటకి జనం తలలు ఊపేవారు. కోసి చూసినవాడి మాట కాదనేదెవరు?

నేను చెప్పిన మాట

పోలయ్య ఆ కుప్పంలో వేటగాడు. అప్పటికి ముప్ఫై లోపు. మాటలు తక్కువ. గోష్ఠికి వచ్చి వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. అతని భార్య నెల్లూరులో ఆడపిల్లని కని మూడో నాడు పోయింది. పుట్టింటి తరఫున ఆమెకి ఉన్నది ఒక్క అన్న, శీనయ్య. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. కర్మలన్నీ అయ్యాక అతను కుప్పానికి వచ్చి ఊరి పెద్దల ముందు కూర్చున్నాడు. మేనకోడల్ని తనకివ్వమన్నాడు.

కుప్పాల్లో పెద్దలు కూర్చుని చెప్పిన మాటని దురాయి అంటారు. దాన్ని మీరినవాడితో ఎవరూ మాట్లాడరు, పడవలో పక్కన కూర్చోరు, వలకి చెయ్యి కలపరు. చెప్పడానికి చిన్నమాటే. ఒక్కడే పడవని నీళ్లలోకి నెట్టడం ఎంత కష్టమో తెలిసినవాడికే దాని బరువు తెలుస్తుంది. ఆ దురాయి చెప్పే ముసలాయన్ని అందరూ పెద్దకాపు అని పిలిచేవారు.

శీనయ్య మర్యాదగానే మాట్లాడాడు. "మా ఇంటామె చంకలో ఆర్నెల్ల బిడ్డుండాడు. పాలకి కొదవ లేదు. నా చెల్లెలి బిడ్డ, నేను పరాయోణ్ణా? బావ మగోడు. వేటకి పోతాడు. బిడ్డని నీళ్లలో ఏసుకుని పోతాడా?"

పోలయ్య బిడ్డని లుంగీ గుడ్డతో రొమ్ముకి కట్టుకుని కూర్చున్నాడు. "నేను పెంచుకుంటా" అన్నాడు. ఇంకేం అనలేదు.

పెద్దలు రెండుగా చీలిపోయారు. ఎటూ తేలక పెద్దకాపు నా వైపు తిరిగాడు. "సామీ, మీరు చదివినోళ్లు. దేవుడి మాట తెలిసినోళ్లు. మీరేమంటారు?"

నేను ఊరుకుని ఉండవలసింది. నాకేం సంబంధం? కానీ నలుగురూ నా నోటి వైపే చూస్తుంటే నాకు లోపల పొంగింది. లేచి నిలబడ్డాను. శనివారం చెప్పినదే అక్కడా చెప్పాను. బిడ్డని మోయడం దేవుడు తల్లికి పెట్టిన పని అన్నాను. మగజాతికి ఆ గుణం ఆయన ఇవ్వలేదన్నాను. తల్లిలేని చోట బిడ్డ ఉండరాదన్నాను.

"జెల్ల తన గుడ్లు తానే తింటుంది. నేను నా చేత్తో కోసి చూశాను."

పోలయ్య తలెత్తాడు. "సామీ, అది చేప. నేను పోలయ్యని."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దకాపు కాసేపు ఆలోచించి దురాయి చెప్పాడు. వచ్చే పున్నమికి మళ్లీ కూర్చుంటారు. ఆ రోజు అందరి ముందూ బిడ్డని శీనయ్య చేతికివ్వాలి. అప్పటిదాకా తండ్రి దగ్గర ఉండొచ్చు. అప్పటికి పున్నమికి ఇంకా పదకొండు రోజులు.

నేను ఇంటికెళ్లి స్నానం చేసి సంధ్య వార్చుకుని భోంచేశాను. హాయిగా నిద్రపోయాను. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయాలి.

మణెమ్మ అడిగింది

నాలుగు రోజుల తర్వాత రేవులో పొట్టలు కోస్తున్నాను. రాసేటప్పుడు పైకి చదువుకోవడం నాకు అలవాటు. "జెల్ల... మగ... ఆహారం, సొంత గుడ్లు" అనుకుంటూ రాస్తున్నాను. పక్కన మణెమ్మ కత్తి ఆగింది.

"ఏంది సామీ రాస్తన్నావు?"

"ఇది గుడ్లు తింటోంది కదా, అది."

"ఎవురి గుడ్లు?"

"దానివే."

ఆమె నవ్విన నవ్వుకి రేవులో మనుషులు తిరిగి చూశారు. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "తినేదైతే నమలదా సామీ? ఒక్క గుడ్డన్నా చితికిందేమో చూడు."

చూశాను. నోటి నిండా గుడ్లు. ఒక్కటి కూడా చితకలేదు.

"పోనీ, మింగిందనుకో. మింగితే కడుపులో ఉండాల. కడుపు కోసింది నువ్వే గదా. ఏముండాది?"

"ఏమీ లేదు."

"ఎన్నేళ్ల నుంచి కోస్తన్నావు?"

తింటే తండ్రి, దాచుకుంటే తల్లి, నా బుర్రకి అంతే తెలుసు. "అయితే తల్లి దాచుకుంటోందన్నమాట" అన్నాను.

"తల్లనే అందరూ అంటారు. మా అత్త గూడా అట్నే అనేది. నలభై ఏళ్లుగా ఈ కత్తిపీట మీద కూర్చోనుండా. నోట్లో గుడ్లుండే జెల్ల పొట్టలో గుడ్ల తిత్తి ఒక్కసారి గూడా చూళ్లా. అది ఆడదెట్టవుద్ది సామీ?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవురడిగినారు?"

నేను చేతిలో ఉన్న కాగితం చూశాను. అప్పుడే రాసిన సిరా ఇంకా తడిగా ఉంది. ఒకే వరసలో పక్కపక్కనే రెండు గడులు. 'మగ.' 'సొంత గుడ్లు.'  వెనక్కి తిప్పాను. ఆ ముందు రోజు కాగితం, అంతకు ముందుది. నోట్లో గుడ్లున్న ప్రతి జెల్ల ముందూ నా చేతిరాతతోనే 'మగ' అని ఉంది. నిజం నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లూ ప్రతి రోజూ నేనే దాన్ని ఒక గడిలో రాసి పక్క గడిలో చంపేశాను.

ఇసకలో కూర్చుండిపోయాను. మణెమ్మ భయపడి నీళ్లిచ్చింది.

నెల్లూరులో మా గోష్ఠికి వచ్చే జువాలజీ లెక్చరరు ఒకాయన ఉండేవారు. అప్పటికే రిటైరయ్యారు. రేవులోంచే ఆయనకి ఫోన్ చేశాను. ఆయన నవ్వలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. "మగదేనండీ. ఆడది పెట్టిన గుడ్లను నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలై ఈదేదాకా, రెండు నెలలైనా సరే, ఏమీ తినదు. తినాలంటే నోట్లో చోటుండాలి కదా. మీకు సర్వేలో ఎవరూ చెప్పలేదా?"

"లేదండీ."

"అడిగారా?"

దేవుడు తండ్రి గుణాన్ని చేప నోట్లో పెట్టి నాకు ఏళ్ల తరబడి చూపిస్తున్నాడు. నేను ఆయన పేరు మీదే ఆయన చేసినదాన్ని అబద్ధం చేశాను. పురాణం చెప్పే నోటితో చేశాను. నేను చేపని ఒక్కదాన్నే తిట్టి ఉంటే పోనీలే అనుకోవచ్చు. నా మాట మీద ఒక మనిషి రొమ్ము మీది బిడ్డని తీసేయబోతున్నారు.

పోలయ్య ఇంట్లో

అటు నుంచి అటే పోలయ్య ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. పొయ్యి మీద గిన్నెలో పాలసీసా మరుగుతోంది. పోలయ్య బిడ్డని రొమ్ముకి కట్టుకుని వల బాగు చేస్తున్నాడు. బిడ్డ ముఖానికి వలదారం తగలకుండా మోచెయ్యి ఎత్తి పెట్టుకుని పని చేస్తున్నాడు. చొక్కా అతని ఒంటి మీద వంకీకి తగిలించినట్టు వేలాడుతోంది. నెలన్నరలో మనిషి సగమయ్యాడు.

"వేటకి పోవడం లేదా?" అన్నాను.

"దీన్ని యాడ పెట్టేది సామీ? పడవలో ఎండ. మణెమ్మత్త చూసుకుంటానంటాది, నేనే ఇయ్యలా."

"తింటున్నావా?"

"ఇరుగుపొరుగోళ్లు పెడతండారు. దీనికి పాలు కలిపి, తాపి, భుజానేసుకుని తిప్పి, పడుకోబెట్టేసరికి నా సంగతి మర్చిపోతాండా."

ఒక జెల్ల పేగు నా కళ్ల ముందు మెదిలింది. దారప్పోగులా ముడుచుకుపోయిన పేగు.  గోడకి అంగన్‌వాడీ కార్డు వేలాడుతోంది. టీచరమ్మ వారం వారం తూకం వేసి చుక్కలు పెట్టింది. చుక్కలు పైకి పోతున్నాయి.

నేను జెల్ల సంగతి చెప్పాను. నాది తప్పన్నాను. అతను వల మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం సామీ. దురాయి పడిపోయింది గదా."

"పున్నమి నాడు వచ్చి చెబుతాను."

"నాకు చెప్పినంత సులువు గాదు. మాట చెప్పినోడే అందరి ముందరా ఎనక్కి తీసుకోవాల. తువ్వాలు నేల మీద పరిచి చెప్పాల. మీరు చెప్తారా?"

కుప్పంలో అదొక పద్ధతి. సభలో చెప్పిన మాట తప్పని ఒప్పుకునేవాడు భుజం మీది తువ్వాలు తీసి ఇసకలో పరిచి, దానికి అవతల నిలబడాలి. ఎవరికి అన్యాయం జరిగిందో ఆ మనిషి తీసిస్తేనే మళ్లీ భుజాన వేసుకోవాలి. సభకి నేను భుజాన వేసుకునేది పూజలో కప్పుకునే ఉత్తరీయం. నేను చెబుతానన్నాను. అతను నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్లి పాత కాగితాలు సరిచేయాలన్నాను. అప్పటికి వేరే ఆఫీసరు. "పంపేసినవి కదపొద్దండీ. ఇక మీదట సరిగ్గా రాయండి" అన్నారు. రాతపూర్వకంగా ఇచ్చాను. తీసుకున్నారు. ఏమైందో తెలియదు. ఎక్కడో ఏ ఫైల్లోనో జెల్ల ఇప్పటికీ తన పిల్లల్ని తింటూనే ఉంది, నా చేతిరాతతో.

పున్నమి

పున్నమి నాటి మధ్యాహ్నం పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. శీనయ్య భార్యని కూడా తీసుకొచ్చాడు. ఆమె బిడ్డ కోసం కొత్త గౌను తెచ్చింది. అది చూశాకే నాకు తోచింది. ఇటు తప్పు సరిదిద్దితే అటు ఇంకో మనసు విరుగుతుంది.

నేను ఉత్తరీయం తీసి ఇసకలో పరిచాను. పెద్దకాపు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఏంది సామీ, మీరు..."

"నేను ఈ సభలో అబద్ధం చెప్పాను. తెలియక చెప్పాను. తెలుసుకోకుండా చెప్పాను. దేవుడి పేరు పెట్టి చెప్పాను." ఎంత గట్టిగా చెప్పాలనుకున్నానో అంత సన్నగా వచ్చింది గొంతు. "జెల్ల గుడ్లు తినదు. వాటిని నోట్లో పెట్టుకుని పస్తుంటుంది. అలా మోసేది తండ్రి."

గుంపులో కలకలం రేగింది. "తల్లి గదా" అని ఒకరు, "మా తాత కాలం నుంచీ తల్లే" అని ఇంకొకరు. మణెమ్మని కత్తిపీట పట్టుకుని రమ్మని ముందే బతిమాలుకున్నాను. ఆ సభలో ఆడవాళ్లు మాట్లాడటం అలవాటు లేదు. ఆమె మాట్లాడలేదు. ఆ పొద్దున వలలో పడిన జెల్లలు మూడింటిని అందరి ముందూ కోసింది. మామూలుగా వలలో గింజుకునేటప్పుడు చాలా జెల్లలు గుడ్లు కక్కేస్తాయి. ఆ మూడిటిలో ఒకటి చచ్చాక కూడా నోరు బిగించే ఉంది. దవడలు విప్పితే గుడ్లు కావు, పిల్లలు. కడుపు కింద పచ్చసొన తిత్తి ఇంకా వేలాడుతున్న పిల్లలు. మణెమ్మ పొట్ట తెరిచి మగ తిత్తి వేలితో చూపించింది. తర్వాత ఖాళీ కడుపు చూపించింది. పుట్టినప్పటి నుంచీ చేపల మధ్యే బతికిన మనుషులు ఒకరి మీదికొకరు వంగి చూశారు. 

మొదట తేరుకున్నవాడు శీనయ్య. "బాగుండాది సామీ. చేప మోస్తాది. అయితే? చేప మోసిందని మనిషి మోస్తాడా? రేపు బిడ్డకి జొరమొస్తే జెల్లని పిలుస్తామా?"

నా దగ్గర వారం రోజులుగా తయారు చేసుకున్న ఉపన్యాసం ఉంది. ప్రళయంలో లోకాలను దాచిన స్వామి గురించి. అతని మాటతో అదంతా ఎగిరిపోయింది. అతను చెప్పింది నిజం. నా మొదటి తప్పు చేప గురించి. రెండో తప్పు ఇంకా పెద్దది. పక్కనే ఉన్న మనిషి ఇంటికెళ్లి చూడకుండా, చేపని సాక్ష్యానికి పిలిచాను. ఇప్పుడు కూడా అదే చేస్తున్నాను.

"నువ్వన్నది నిజమే శీనయ్యా. చేపని వదిలేయండి. నేను చేపని అడిగి పోలయ్యకి శిక్ష వేశాను. మళ్లీ చేపని అడిగి వదిలిపెట్టమనడం కూడా తప్పే. అతని ఇంట్లో గోడకి అంగన్‌వాడీ కార్డు ఉంది. అది తెప్పించి చూడండి. అతన్ని చూడండి. బిడ్డని చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం."

కార్డు వచ్చింది. పెద్దకాపు అటూ ఇటూ తిప్పి, చుక్కల లెక్క తెలియక శీనయ్యకిచ్చాడు. శీనయ్య దాన్ని చూడను కూడా చూడలేదు. పోలయ్య దగ్గరికి వెళ్లి చేతులు చాచాడు. "ఇయ్యి బావా."

పోలయ్య ఇవ్వలేదు. గుడ్డ ముడి మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు. దురాయి మీరినట్టే. అక్కడున్న అందరికీ అది తెలుసు. పెద్దకాపు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు.

"తీసుకుపోనులే బావా. చూసిస్తా."

పోలయ్య ముడి విప్పాడు. శీనయ్య రోజంతా బస్తాలెత్తే మనిషి. బిడ్డని రెండు అరచేతుల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కొంచెం పైకి కొంచెం కిందికి తూచాడు. బిడ్డ ఏడుపు లంకించుకుంది.

"బరువుండాది" అన్నాడు భార్య వైపు తిరిగి. "ఈ ఈడున మనోడు ఇంత లేడు. నా చెల్లెలు గూడా ఇంత లేదు."  అతని భార్య గౌను మడిచి బిడ్డ మీద పెట్టింది.

"నెల నెలా వచ్చి తూచిపోతా బావా" అన్నాడు శీనయ్య బిడ్డని తిరిగిచ్చేస్తూ. "ఒక్కసారి తగ్గిందా, సామి చెప్పినా ఇనను, దేవుడు చెప్పినా ఇనను."

పెద్దకాపు దురాయి మార్చాడు. బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుంది. అతను వేటకి పోయినంతసేపూ మణెమ్మ చూసుకోవాలి. "చెయ్యి కడుక్కోని" అని ఎవరో అంటే, "నీ మొఖం కడుక్కో ముందు" అంది మణెమ్మ. సభలో ఒక ఆడమనిషి మాట్లాడటం నేను చూసింది అదే.

జనం లేచి వెళ్లిపోతున్నారు. నేను ఉత్తరీయం అవతలే నిలబడి ఉన్నాను. పోలయ్య వచ్చి దాన్ని తీశాడు. ఇసక దులిపాడు. నాకిస్తాడేమోనని చెయ్యి చాచాను. అతను నన్ను చూడలేదు. సరస్సు మీది నుంచి గాలి తిరిగింది, బిడ్డ ఏడుస్తోంది. ఆ గుడ్డని రెండు మడతలు వేసి బిడ్డ చుట్టూ చుట్టి, రొమ్ముకి ఆనించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నేను దాన్ని మళ్లీ అడగలేదు. ఆ ఏడాదంతా నేను గోష్ఠిలో పురాణం చెప్పలేదు. వెనక స్తంభం దగ్గర కూర్చుని విన్నాను.

కొర్రమీను సంగతి

ఇది కూడా చెప్పి ముగిస్తాను. లోపలి ఊళ్ల చెరువుల్లో కొర్రమీను పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీటి మీద తేలుతుంటాయి. ఆ గుంపు మధ్యలో గాలం వేస్తే కింద నుంచి పెద్ద చేప వచ్చి పట్టుకుంటుంది. ఈ కిటుకు నేను కొత్తగా చేరినవాళ్లకి గొప్పగా నేర్పేవాణ్ణి. జెల్ల సంగతి తెలిశాక ఒక రోజు చెరువు గట్టున కూర్చుని గమనించాను. గాలానికి ఎర లేకపోయినా ఆ చేప వస్తుంది. దానికి ఆకలి కాదు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని వస్తుంది. అలా కాపలా కాసేది చాలాసార్లు తండ్రే. తండ్రి పోయాక ఆ ఎర్రటి గుంపు ఏమవుతుందో కూడా చూశాను. పక్క చేపలకి అది పావుగంట పని. నేను నేర్పినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. కొందరు నవ్వారు.

ఆ చెరువులోనే తామరాకుల మీద పొడవు తోక పక్షి ఒకటి కనిపించింది. దానికి ఎనిమిది కాళ్లున్నట్టు తోచి కళ్లు నులుముకుని చూశాను. రెక్కల కింద మూడు పిల్లల్ని పట్టుకుని నడుస్తోంది. బయట వేలాడేవి పిల్లల కాళ్లు. లెక్చరరుగారిని అడిగాను. ఈసారి అడిగాను. అదీ తండ్రేనట.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఎక్కువ లేదు. కడుపు ఖాళీగా ఉంటే ఖాళీ అనే రాయండి. కత్తిపీట ముందు కూర్చున్నవాళ్లని అడగండి. చేప దగ్గర తెలిసింది చేప గురించే రాయండి. మనిషి సంగతి కావాలంటే వాళ్ల ఇంటికి వెళ్లండి.

పోలయ్య కూతురు ఇప్పుడు ఏడో తరగతి. శీనయ్య ఆ మాట మీదే ఉన్నాడు, నెలనెలా నిమ్మకాయల సంచితో వస్తాడు. ఇప్పుడు ఆ పిల్లని ఎత్తడానికి ఆయాసపడతాడు. పోయిన పున్నమికి నేనూ అక్కడ ఉన్నాను. మావయ్య ఎత్తి దింపాక ఆ పిల్ల నా వైపు తిరిగి, "తాతా, నువ్వు కూడా తూస్తావా?" అంది. నాకు చేతులు రాలేదు.

ఇది చదివినవారు ఒక్క నిమిషం కాగితం పక్కన పెట్టి, ఏ పేరుతో పిలుచుకునే దేవుడైనా సరే, కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. స్వామీ, లోకాలను నీలో దాచుకున్నవాడా, తల్లి లేని ప్రతి బిడ్డనూ మోస్తున్న తండ్రికి ఈ పూట అన్నం పెట్టు. తెలియని మాట మా నాలుక మీదికి వచ్చినప్పుడు మా దవడలు బిగించి పట్టు, నీ జెల్లకి పట్టినట్టు. ఒకరి బిడ్డ క్షేమంగా ఈదుకుపోయేదాకా మా నోరు తెరవనీయకు.